చివరి బెంచీ దగ్గర ప్లగ్ పాయింట్

మా చర్చిలో చివరి బెంచీ గొప్పతనం ఒక్కటే, దాని పక్క గోడకి ప్లగ్ పాయింట్ ఉంది. బెంటన్‌విల్‌లో మా తెలుగు ఆరాధన జరిగేది అమెరికన్ల లూథరన్ చర్చిలో. పొద్దున వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం రెండింటికి మాకు ఇస్తారు. అందరూ వస్తూనే ముందు బెంచీల వైపు నడిస్తే నేను సరాసరి ప్లగ్గు దగ్గరికి వెళ్ళి, బైబిలు పక్కన పెట్టి, ఒళ్ళో లాప్‌టాప్ తెరిచేదాన్ని. మొదటి పాట అయ్యేసరికి ఆఫీస్ సిస్టమ్‌లోకి లాగిన్ అయి ఉండేదాన్ని.

ఈ ఊరి పేరు చెప్పగానే అందరూ ఇక్కడే హెడ్డాఫీసు ఉన్న ఆ పెద్ద దుకాణాల కంపెనీలో ఉద్యోగం అనుకుంటారు. కాదు. దానికి సరుకు అమ్ముకోవడానికి ఇక్కడ ఆఫీసులు తెరిచినవాళ్ళు బోలెడుమంది. అందులో ఒక చిన్న కంపెనీకి, అదీ మధ్యలో ఇంకో కన్సల్టెన్సీ ద్వారా, నేను కాంట్రాక్టర్‌ని. మా కంపెనీ అమ్మేది కుక్కల తిండి. అమెరికా కుక్కలకి ఆదివారం ఆకలి ఎక్కువో ఏమో, ఆర్డర్లన్నీ ఆ రోజే వచ్చి మా సిస్టమ్‌లో ఇరుక్కునేవి. ఇరుక్కున్నప్పుడల్లా ఫోన్ గీపెట్టేది. పావుగంటలో చూడకపోతే పైవాళ్ళకి మెయిల్ వెళ్ళిపోయేది. ఇదివరకు ఒక్కొక్కరం వంతులేసుకునేవాళ్ళం. ఇద్దరిని తీసేశాక మిగిలిన ఆరుగురం ప్రతి ఆదివారం లాప్‌టాప్ ముందే ఉండాలన్నాడు మేనేజర్. ఎవరూ కిక్కురుమనలేదు. అందరం ఉద్యోగం పోతే దేశం వదలాల్సిన హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్ళమే. అప్పటికే మా ఆయన ఉద్యోగం పోయి, నా వీసా మీద డిపెండెంట్‌గా ఇంట్లో ఉన్నారు. నేను ఎగిరితే ఇల్లంతా ఎగిరిపోతుంది.

సరే, ఇదంతా అలవాటైపోయింది. కుడితిలో పడ్డ ఎలుకకి కూడా కొన్నాళ్ళకి కుడితి అలవాటవుతుందేమో. కానీ ఆ ఏడాది మా అమ్మాయి కన్ఫర్మేషన్ వచ్చింది. గుంటూరు లూథరన్ల ఇళ్ళలో అది పెళ్ళికి సగం. ఈడొచ్చిన పిల్లలు అందరి ముందూ తమ విశ్వాసం నోటితో చెప్పి మోకరిస్తారు, పాస్టర్‌గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు, అప్పటినుంచి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో చోటు. నాకు జరిగిన రోజు మా అమ్మ మొదటి వరసలో కూర్చుని, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుంది. అది నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

మా అమ్మాయి అడిగింది కూడా అదే. "అమ్మా, ఆ సండే నువ్వు ఫ్రంట్‌లో కూచో. ప్లగ్ దగ్గర కాదు. ప్రామిస్?"

"ప్రామిస్" అన్నాను. అనడానికేం, నోరే కదా.

చర్చి తలుపు తీసి, మేము వెళ్ళేదాకా ఉండి, తాళం వేసుకుపోయేది ఒక జర్మన్ ముసలాయన. భార్య పోయాక ఇక్కడి కూతురు గ్రీన్ కార్డ్ తీయించి తన దగ్గరికి తెచ్చుకుంది. ఆయనకి కారు నడపడం రాదు. ఈ ఊళ్ళో కారు లేని మనిషిని ఇంట్లో కట్టేసినట్టే. ఇంటినుంచి నడిచి వెళ్ళగలిగింది చర్చి ఒక్కటే, అందుకని ఆ తాళాల పని తీసుకున్నారు. మేము అయిపోయాక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నేల తుడిచి, మిగిలిన చికెన్ బిర్యానీ డబ్బాలో పెట్టిస్తే పట్టుకెళ్ళేవారు. ఆయన ఇంగ్లీషు నెమ్మదైన ఇంగ్లీషు. దాన్ని నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో వచ్చి నా పక్కన కూర్చున్నారు. స్క్రీన్ వంక చూసి, చెవి దగ్గరగా అడిగారు.

"నువ్వు డాక్టరువా? ఎవరైనా చావుబతుకుల్లో ఉన్నారా?"

"లేదండి. కుక్కల తిండి."

ఆయన స్క్రీన్ మీదికి ఇంకాస్త వంగారు. "కుక్కలు చచ్చిపోతాయా?"

నాకు నవ్వాగలేదు. పాస్టర్‌గారు ప్రసంగం ఆపి మరీ మా వైపు చూశారు. తల వంచుకుని కీబోర్డ్ నొక్కుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత భోజనాల దగ్గర మాటల్లో తెలిసింది ఆయన ఎవరో. పదిహేనేళ్ళకే బేరింగుల ఫ్యాక్టరీలో లేతు యంత్రం మీద పనికి కుదిరారట. గొంతు పెద్దది కావడంతో తోటివాళ్ళు ఆయన్ని కార్మికుల కమిటీకి ఎన్నుకున్నారు. అక్కడ ఫ్యాక్టరీల్లో అలాంటి కమిటీలుంటాయట, షిఫ్టు వేళ మార్చాలన్నా యజమాని ఆ కమిటీని ఒప్పించాలట. నేను నమ్మలేదు. "యజమాని ఊరుకుంటాడా?" అంటే, "ఊరుకోడు, అందుకే కమిటీ" అన్నారు. తర్వాత యూనియన్ జిల్లా కార్యదర్శి, ఆ తర్వాత వాళ్ళ రాష్ట్ర శాసనసభ సభ్యుడు.

శాసనసభ అన్న మాట పక్క బల్ల మీది అంకుల్ చెవిన పడింది. అంతే! "అంటే ఎమ్మెల్యేనా? ఓరి నాయనో, మాజీ ఎమ్మెల్యే చేత కుర్చీలు మోయించామా మనం?" అని లబోదిబోమన్నారు. మన ఎమ్మెల్యే అంటే ముందూ వెనకా బండ్లు, పక్కన గన్‌మేన్. ఈయన చేతిలో నేల తుడిచే కర్ర. పెద్దలు కూడబలుక్కుని, డాలస్ పక్క కాపెల్ నుంచి వస్తున్న ఎవరితోనో శాలువా తెప్పించి, మరుసటి ఆదివారమే సన్మానం పెట్టారు. పూలగుత్తి ఇచ్చి, శాలువా కప్పి, ఫొటోలు తీశారు. ఆయన బిక్కమొహం వేసుకుని, "నాకు చలిగా లేదు, హీటర్ పెంచాలా?" అని నన్ను అడిగారు.

అసలు సంగతి సన్మానం తర్వాత. శాలువా తియ్యకముందే ఒక్కొక్క అంకుల్ పక్కకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. మా వాడి వీసా ఇరుక్కుంది, మీరు ఇక్కడి సెనేటర్‌తో ఒక్క మాట చెప్తే! మా అల్లుడి వీసా స్టాంపింగ్ ఆగింది, మీ జర్మనీ వాళ్ళకి ఎంబసీలో తెలిసినవాళ్ళుంటారు కదా! సిఫార్సు లేకుండా పని జరుగుతుందంటే మన రక్తం ఒప్పుకోదు. ఆయన అందరికీ ఒకటే జవాబిచ్చారు. "నాకెవరూ తెలియదు. మీ కమిటీ ఎవరు?" మాకు కమిటీ ఏమిటి, బిర్యానీ కమిటీ ఒక్కటే ఉంది.

నేను మాత్రం సిగ్గు విడిచి నా గొడవ చెప్పాను, మా అమ్మాయి కన్ఫర్మేషన్ ఆదివారం నాకు కావాలని. ఆయన శాలువా మడత పెడుతూ విన్నారు.

"ఆదివారం వద్దని మీ మేనేజర్‌కి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి ఆయనకెలా తెలుస్తుంది?"

ఒళ్ళు మండింది. ఎమ్మెల్యే చేసినాయనకి వీసా బతుకులేం తెలుస్తాయి? ఆ మాటే అనేశాను. ఆయనకి కోపం రాలేదు. వాళ్ళ ఫ్యాక్టరీలోనూ బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళుండేవారట, నోరు విప్పితే పంపించేస్తారని భయపడేవారట. "ఒక్కొక్కరు వెళ్తే ఒక్కొక్కరినీ పంపించొచ్చు. ఆరుగురు కలిసి చెప్తే, అందరినీ పంపించి సోమవారం పని ఎవరితో చేయిస్తారు? మాట్లాడేది ఒకరే. కానీ ఆ మాట నేల మీద పడకముందే మిగతావాళ్ళు అవును అనాలి. అదే యూనియన్. మిగతాదంతా కాఫీ తాగడం."

మా టీమ్‌లో వరంగల్ తమ్ముడు ఒకడున్నాడు. మా చర్చికే వస్తాడు, వాళ్ళావిడ కడుపుతో ఉంది. వాడు పెద్దాయన మాటలు విని ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "మస్తు చెప్పిండు అక్కా! నువ్వు మాట్లాడు, మేమంత ఎన్కనే ఉంటం" అన్నాడు. వాట్సాప్‌లో మిగతా నలుగురికీ పెట్టాను. బొటనవేళ్ళ వాన కురిసింది. ఒకాయన చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు.

సోమవారం పొద్దున మీటింగ్‌లో మేనేజర్ రోజూ అడిగినట్టే, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. ఉంది అన్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ప్రతి ఆదివారం ఆరుగురినీ కట్టిపడెయ్యడం కుదరదు, వంతులు కావాలి, ఇది నా ఒక్కదాని మాట కాదు, అందరి మాట. అని ఆగాను.

స్క్రీన్ మీద ఐదు పేర్లు, ఐదింటి పక్కనా మైక్ మీద ఎర్ర గీత. ఒక పేరు పక్కన గీత పోయింది. హమ్మయ్య అనుకున్నాను. "సారీ, రాంగ్ బటన్" అన్నాడు ఆ మహానుభావుడు. గీత మళ్ళీ వచ్చింది.

"వేరే ఎవరైనా?" అన్నాడు మేనేజర్.

ఎవరూ లేరు. నా మాట నేల మీద పడి, దొర్లి, గోడకి కొట్టుకుని ఆగింది. మీటింగ్ అయ్యాక తలుపేసుకుని ఏడ్చాను. భయంతో కాదు, కోపంతో. వరంగల్ తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఏమనుకోకు. మ్యూట్ తీద్దామనే చెయ్యి పెట్టిన. ఆమెకు ఏడో నెల. ఇన్సూరెన్స్ పోతే యాడికి పోవాలె? చెయ్యి ఆగిపోయింది."

"చెయ్యి ఆగిపోతే కాలితో నొక్కరా! ఎందుకురా మస్తు మస్తు అన్నావు?" అని చెడామడా తిట్టాను. అవతల వాడు ఏడుస్తున్నాడని తెలిశాక తిట్టలేకపోయాను.

మధ్యాహ్నం మేనేజర్ ఒంటరిగా పిలిచాడు. ఇక సామాన్లు సర్దుకోవడమే అనుకుంటే, నవ్వుతూ మాట్లాడాడు. నువ్వు చెప్పింది నిజమే, ఆదివారానికి ఒకరు చాలు అన్నాడు. నా చెవుల్ని నేను నమ్మలేదు. "నీకు దీని మీద ఇంత పట్టింపు ఉంది కదా, నువ్వే లీడ్‌గా ఉండు. ఏ ఆదివారం ఎవరో నువ్వే పేరు వెయ్యి. ఎవరైనా అలర్ట్ మిస్ అయితే వాళ్ళ పేరు నాకు చెప్పు. ఏడాది చివర టీమ్‌లో ఒకరిని తగ్గించాలి, అప్పుడు పనికొస్తుంది." పోతూ పోతూ, నా గ్రీన్ కార్డ్ గురించి కన్సల్టెన్సీ వాళ్ళతో మాట్లాడతానని కూడా అన్నాడు.

మా ఆయన పండగ చేసుకున్నారు. "అడిగినందుకు దొరికింది, ఇంకా ఆ మొహం ఏమిటే? నువ్వు కాదంటే ఇంకొకరు తీసుకుంటారు. పాప ఆదివారం నీ పేరు వేసుకోకు, అయిపోయింది." ఆయన అన్నది తప్పని కాదు. ఇంట్లో కూర్చుని కూర్చుని ఆ మనిషి మొహం వాడిపోయింది. కాదనే దమ్ము నాకు లేదు. సరే అని మెయిల్ పెట్టాను. పెట్టాక ఆ మెయిల్‌నే మళ్ళీ మళ్ళీ తెరిచి చదువుకుంటూ కూర్చున్నాను.

పెద్దాయనకి చెప్తే కుర్చీ మీద కుర్చీ పెడుతున్నవారు ఆగి, "అభినందనలు. నన్ను శాసనసభకి పంపిందీ ఇదే" అన్నారు. నాకు వెటకారంలా వినిపించింది. కాదు. కూర్చోబెట్టి చెప్పారు.

ఫ్యాక్టరీలో ఆదివారం యంత్రాలు తిప్పాలని యజమాని పట్టుబడితే, కూడదని ఏళ్ళ తరబడి కొట్లాడింది ఆయనే. ఆ కొట్లాట పేరుతోనే పార్టీవాళ్ళు వచ్చి టిక్కెట్ ఇచ్చారు, గెలిచారు. కొన్నేళ్ళకి అదే ఫ్యాక్టరీ, ఆదివారం తిప్పనివ్వకపోతే ఊరు వదిలి పోతామంది. విషయం సభకొచ్చింది. పార్టీ ఒప్పుకోమంది. ఆయన సరేనంటూ చెయ్యెత్తి ఓటేశారు.

"తిట్టారా మీవాళ్ళు?"

"తిడితే బాగుండేది. ఇంకా ఎక్కువ ఓట్లతో గెలిపించారు. ఉద్యోగాలు నిలబెట్టానన్నారు. నాతోపాటు లేతు మీద చేరిన స్నేహితుడు రిటైరయ్యేదాకా ఆదివారాలు పనిచేశాడు. వీధిలో కనిపిస్తే టోపీ తీసి థాంక్స్ చెప్పేవాడు. నేను సందు మార్చి వెళ్ళేవాణ్ణి."

గెలిచి కూడా ఇరుక్కోవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి చెప్పారాయన, గొంతు తగ్గించి. ఆ కొట్లాటలో, సమ్మె రోజుల్లో ఒక ఆదివారం ఆయన కూతురి, ఇప్పుడిక్కడున్న ఈ కూతురి, కన్ఫర్మేషన్. పిల్ల మోకరించబోతుండగా ఎవడో వచ్చి భుజం తట్టాడు. గేటు తెరిచి, సమ్మె విరగ్గొట్టడానికి దొంగచాటుగా బయటి మనుషుల్ని లోపలికి పంపుతున్నారు, నువ్వు లేకపోతే కొట్టుకుంటారని చెప్పాడు. వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అందరూ మెట్ల మీద ఫొటో తీసుకుంటున్నారు. "చూశావా నాన్నా అని అడిగింది. చూశాను అన్నాను. ఇప్పటికీ నమ్ముతోంది. పిల్లలు నమ్ముతారు, అదొక్కటే దేవుడి దయ."

ఆయనతో కలిసి మిగిలిన కుర్చీలు పేర్చాను.

మా అమ్మాయి ఆదివారానికి ఎవరి పేరు వెయ్యాలి? ఒకరు డాలస్ వెళ్తున్నారు, ఒకరికి పెళ్ళిరోజు, ఒకరికి జ్వరం రాబోతోందట, ముందే తెలిసిందట! వరంగల్ తమ్ముడే వచ్చాడు. "నా పేరెయ్యి అక్కా. ఆ దినం చెయ్యి ఆగింది గద, ఇప్పుడన్న పనికొస్తది." వాడికి ఆ సిస్టమ్ అంతంత మాత్రమే. తెలిసి కూడా వేశాను. నాకు వేరే దారి లేదు.

ఆ రోజు మా అమ్మాయి తెల్ల పరికిణీ వేసుకుంది. నేను పట్టుచీర కట్టుకుని, చేతిలో బైబిలు తప్ప ఏమీ లేకుండా, మొదటి వరసలో మా ఆయన పక్కన కూర్చున్నాను. ఒళ్ళో లాప్‌టాప్ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చాన్నాళ్ళకి పాట మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా పాడాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పిల్ల ముందుకెళ్ళి, తన అమెరికన్ యాసలో, "నేను నమ్ముచున్నాను" అని మొదలుపెట్టి ఒక్క మాట పోకుండా అప్పజెప్పింది. నాకు కూడా మా అమ్మలాగే ముక్కు ఎర్రబడింది.

అది మోకరిస్తుండగా వెనక ఫోన్ గీపెట్టింది. ఆ రోజు మ్యూట్ తియ్యనివాడు ఈ రోజు మ్యూట్ చెయ్యడం మర్చిపోయాడు. వెనక్కి తిరగకూడదని పిడికిళ్ళు బిగించాను. మళ్ళీ మోగింది. తిరిగాను. ప్లగ్గు పక్కన వాడు చెమటలు కక్కుతూ కీబోర్డ్ మీద వేళ్ళు ఆడిస్తున్నాడు, పక్కన వాళ్ళావిడ పొట్ట మీద చెయ్యి వేసుకుని వాడి మొహంలోకి చూస్తోంది. పావుగంటలో అది తెమలకపోతే వాడి పేరు మేనేజర్‌కి చెప్పాల్సింది నేనే. పాస్టర్‌గారు చెయ్యి ఎత్తారు. "కూర్చోవే" అని మా ఆయన నా చీర చెంగు పట్టుకున్నారు. చెంగు లాక్కుని వెనక్కి వెళ్ళాను.

వాడి పక్కన కూలబడి, లాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకుని, ఇరుక్కున్నదేదో వెతికి, కదిపి, ఆర్డర్లు కదిలేదాకా తలెత్తలేదు. ప్రార్థన ఒక చెవిన పడుతూనే ఉంది. ఆమెన్ అని అందరూ అన్నాక తలెత్తితే పిల్ల లేచి నిలబడి ఉంది. "అక్కా, తప్పైంది" అని వాడు గొణుగుతుంటే, ఊరుకోమని సైగ చేశాను. మిగిలిన ఆరాధనంతా అక్కడే కూర్చున్నాను.

అయిపోయాక పిల్ల పరుగెత్తుకొచ్చి నన్ను కరుచుకుంది. ఏం చెయ్యను, నోటికి వచ్చేసింది. "చూశానమ్మా. ఎంత బాగా చెప్పావో! పాస్టర్ అంకుల్ చెయ్యి పెట్టినప్పుడు..."

అది నా చెవి దగ్గరగా మూతి పెట్టింది. "అమ్మా, నేను లేచి తిరిగితే నువ్వు ప్లగ్ దగ్గర ఉన్నావు. పర్లేదు. ఎవరడిగినా చూశావనే చెప్తాను, లేకపోతే నువ్వు శాడ్ అవుతావు." అని నా బుగ్గ మీద ముద్దు పెట్టి, స్నేహితుల దగ్గరికి వెళ్ళిపోయింది.

నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండిపోయాను. గుమ్మం దగ్గర పెద్దాయన తాళాల గుత్తితో నన్నే చూస్తున్నారు. ఆయన పక్కన ఆయన కూతురు, తండ్రి కోటు పట్టుకుని, ఇంటికి తీసుకెళ్ళడానికి ఓపిగ్గా ఎదురుచూస్తోంది. ఆయన నా దగ్గరికొచ్చి, ఆమెకి వినపడకుండా అడిగారు.

"ఏమంది పాప?"

ఆయన వెనక ఉన్న ఆ కూతురి వంక చూశాను. నడివయసు మనిషి. నెమ్మదైన మొహం.

"నువ్వు చూశావని సంతోషంగా ఉందమ్మా, అంది" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "చెప్పానా? పిల్లలు నమ్ముతారు" అంటూ లైట్లు ఆర్పడానికి వెళ్ళారు.